ఆటగాళ్ళు నోరు మూసుకోవాలా?

సంపాదకుడు గారికి, నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నిక మీద మీ పత్రికలో వచ్చిన పాఠకుల ఉత్తరాల్లో ఒకటి చదివాక ఈ జవాబు రాయకుండా ఉండలేకపోయాను. "ఆటగాళ్ళకు కోట్లు ఇచ్చేది ఆడటానికి, రాజకీయాలు చెప్పడానికి కాదు. వాళ్ళు నోరు విప్పబట్టే అక్కడి మన తెలుగువాళ్ళు కూడా రెండుగా చీలిపోయారు" అని ఆ పాఠకుడు రాశారు. ఇక్కడ చీలిక వచ్చిందన్న మాట నిజమే. కారణం మాత్రం అది కాదు.

నేను పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. పెళ్ళయి జార్జియా రాష్ట్రానికి వచ్చి పాతికేళ్ళు దాటింది. అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటున్నాం. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడి యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళినదాన్ని. ఇక్కడికి వచ్చాక మన ఆడవాళ్ళతో కలిసి త్రోబాల్ ఆడేదాన్ని. వారానికి రెండుసార్లు ప్రాక్టీసు, ఉగాదికి, మహిళా దినోత్సవానికి టోర్నమెంట్లు. గుంటూరు, నిజామాబాద్, అనంతపురం, విశాఖపట్నం ఆడపిల్లలందరం ఒకే జెర్సీలో ఆడాం. ఆ జట్టు 2024 ఎన్నికతో విడిపోయింది. అది ఎలా విడిపోయిందో దగ్గరుండి చూసిన మనిషిగా రాస్తున్నాను.

2024 అక్టోబరు 27 ఆదివారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ మీద గెలిచింది. ఆట అయ్యాక టీవీ వాళ్ళు గెలిచిన జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, బ్రాక్ పర్డీతో మాట్లాడుతుంటే అదే జట్టు ఆటగాడు నిక్ బోసా మధ్యలో దూరి, తన తల మీది టోపీని వేలితో చూపించి వెళ్ళిపోయాడు. తెల్ల టోపీ, దాని మీద ట్రంప్ నినాదం. తెల్లారేసరికి ఆ వీడియో మా జట్టు వాట్సాప్ గ్రూపులో ఉంది. "ధైర్యం అంటే ఇదీ" అని ఒకామె రాసింది. "ఆట ఆడమంటే ప్రచారం చేస్తాడా, వీడికేం పని" అని ఇంకొకామె. సరిగ్గా నాలుగు రోజులకి, అక్టోబరు 31న, బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ తన పిల్లలనూ కుటుంబాన్నీ తలచుకుంటే ఎవరికి ఓటెయ్యాలో స్పష్టంగా ఉందని చెబుతూ కమలా హారిస్‌ వైపు నిలబడ్డాడు. ఆ వార్త కూడా మా గ్రూపులోకి వచ్చింది. అప్పుడు "ధైర్యం" అన్న ఆమె "బంతి వేసుకుని బతికేవాడికి ఇవన్నీ ఎందుకు" అంది. "వీడికేం పని" అన్న ఆమె "ఎంత బాధ్యత గల మనిషో" అంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. నాలుగు రోజుల కిందట తాము రాసిన మాటలు అదే గ్రూపులో కాస్త పైకి జరిపితే కనిపిస్తాయి. ఎవరూ జరిపి చూడలేదు.

ఆ శనివారం ప్రాక్టీసుకి మా అందరిలోకీ చిన్నపిల్ల ఒకతె ట్రంప్ పక్షంవాళ్ళు పెట్టుకునే ఎర్ర టోపీ పెట్టుకుని వచ్చింది. "తీసేసి ఆడు" అన్నారు ఒకరు. "నేనెందుకు తీయాలక్కా, పోయినవారం మీరు కమల పేరున్న టీషర్టు వేసుకు రాలేదా?" అంది ఆ పిల్ల. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. టీషర్టు వేసుకొచ్చిన అక్క నా పక్షమే, నేనూ హారిస్‌కే ఓటు వేశాను. అయినా ఆ రోజు నేను ఆ పిల్ల వైపే మాట్లాడాను. దానికి నా పక్షంవాళ్ళకి నా మీద కోపం వచ్చింది. నవంబరు 5 ఎన్నికలో ట్రంప్ గెలిచాక ఒక గ్రూపు రెండయింది. ఒక దాంట్లో సంబరాలు, ఇంకో దాంట్లో ఏడుపులు. త్రోబాల్‌కి ఏడుగురు కావాలి. రెండువైపులా కలిసి ఆడటానికి ఒప్పుకోక, విడిగా ఏడుగురు పోగవక, వచ్చిన టోర్నమెంటుకి అసలు పేరే ఇవ్వలేదు.

దీంట్లో బోసా తప్పుగానీ లెబ్రాన్ తప్పుగానీ ఏముంది? వాళ్ళు వాళ్ళ మాట చెప్పారు. మా మీదకి వాళ్ళను ఎవరూ ఉసిగొల్పలేదు.

బోసా ఆడే ఫార్టీనైనర్స్ జట్టులోనే 2016లో కాలిన్ కేపర్నిక్ ఉండేవాడు. పోలీసుల చేతుల్లో నల్లజాతివాళ్ళు చనిపోతున్నారని, జాతీయగీతం పాడేటప్పుడు మొదట కూర్చుండిపోయాడు. తర్వాత సైన్యంలో పనిచేసిన నేట్ బోయర్ అనే మాజీ ఆటగాడు, కూర్చోవడం కన్నా మోకాలి మీద నిలవడం మర్యాదగా ఉంటుందని చెబితే, అది విని సెప్టెంబరు నుంచి అలాగే చేశాడు. తనతో ఏకీభవించని సైనికుడి మాట విని తన పద్ధతి మార్చుకున్నాడన్న సంగతి ఎవరూ చెప్పుకోరు. ఆ ఏడాది ట్రంప్‌కీ హిల్లరీ క్లింటన్‌కీ ఇద్దరికీ ఓటు వెయ్యలేదతను. ఆ సీజన్ అయ్యాక ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. 2017 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ మా పక్క రాష్ట్రం అలబామాలో, హంట్స్‌విల్ సభలో, మోకరిల్లే ఆటగాళ్ళను బూతుమాటతో తిట్టి, జట్ల యజమానులు వాళ్ళను తీసిపారేయాలన్నారు. బోసా అప్పటికింకా కాలేజీ కుర్రాడు. కేపర్నిక్‌ని జోకర్ అంటూ ట్వీట్ పెట్టాడు. 2019లో అదే ఫార్టీనైనర్స్ అతన్ని ఎంపిక చేసుకునే ముందు ఆ ట్వీట్లు తీసేశాడు, ఎంపికయ్యాక క్షమాపణ చెప్పాడు.

టోపీ పెట్టినందుకు బోసాకి లీగు 11,255 డాలర్ల జరిమానా వేసింది. మైదానంలో సొంత సందేశాలు ప్రదర్శించకూడదన్న నిబంధన కింద వేశారు. అంతకు ముందు ఏడాది అతను సంతకం చేసిన ఒప్పందం ఐదేళ్ళకు 17 కోట్ల డాలర్లు. కేపర్నిక్‌కి ఒక్క డాలరు జరిమానా పడలేదు, ఉద్యోగమే పోయింది. ఇద్దరికీ మాట్లాడే హక్కు ఉందని నేను నమ్ముతాను. ఆ మాటకు ఇద్దరూ కట్టిన వెల ఒకటేనని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను.

నాకు ఆ మోకాలి విషయం ఎందుకు అంత పట్టిందో కూడా చెప్పాలి. మేం ఇల్లు కొనుక్కున్న ఈ ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతివాళ్ళను, అంటే దాదాపు అందరినీ, తరిమేశారు. వాళ్ళ పొలాలు, చర్చీలు పోయాయి. 1987 జనవరిలో హక్కుల కోసం ఇక్కడ కొద్దిమంది ఊరేగింపు తీస్తే రాళ్ళూ సీసాలూ విసిరారు. వారం తిరిగేసరికి వేలమంది వచ్చి మళ్ళీ నడిచారు. ఇవాళ ఇదే కౌంటీలో గుడి ఉంది, మన కూరగాయల కొట్లు ఉన్నాయి, బడుల్లో మన పిల్లలు నిండిపోయారు. మనం ఇక్కడ తలెత్తుకుని తిరగగలుగుతున్నామంటే ముందు ఎవరో నడిచారు గనక. ఇది తెలిసినవాళ్ళు ఆ మోకాలిని అంత తేలిగ్గా తిట్టలేరు.

ఆటనీ ఎన్నికనీ విడదీయమనే పెద్దలకు మా అట్లాంటా గురించి ఒకమాట. 2020లో కరోనా భయం వల్ల, హాక్స్ జట్టు బాస్కెట్‌బాల్ ఆడే స్టేట్ ఫార్మ్ అరీనాని ముందస్తు ఓటింగ్‌కి ఇచ్చారు. దూరదూరంగా నిలబడి ఓటు వేయడానికి అంత చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? నవంబరులో తపాలా ఓట్లు లెక్కపెట్టింది కూడా ఆ అరీనాలోనే. బైడెన్ ఈ రాష్ట్రంలో 11,779 ఓట్లతో గెలిచాడు. ఆ లెక్కింపు గదిలో పనిచేసిన తల్లీకూతుళ్ళు దొంగ ఓట్లు కలిపారని, ట్రంప్ లాయరు రూడీ జూలియానీ వీడియో ముక్కలు చూపించి ఊరంతా చాటాడు. విచారణలో అది అబద్ధమని తేలింది. 2023 డిసెంబరులో జ్యూరీ ఆ ఇద్దరికీ 14.8 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ మధ్యకాలంలో బెదిరింపులకు భయపడి ఆ తల్లి ఇల్లు వదిలి ఉండాల్సి వచ్చింది. ఆ వీడియో కూడా మన తెలుగు గ్రూపుల్లో తిరిగింది. తీర్పు తిరగలేదు.

ఆ 2020లోనే, అదే బ్యాలెట్ మీద ఇంకో పోటీ ఉంది, సెనేటుకి. మా ఊరి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు అట్లాంటా డ్రీమ్‌కి అప్పట్లో సహయజమాని కెల్లీ లెఫ్లర్. ఆమె అప్పుడు రిపబ్లికన్ సెనేటర్, ఆ పోటీలో అభ్యర్థి కూడా. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగు డబ్ల్యూఎన్‌బీఏ ఆటగాళ్ళు నల్లజాతివాళ్ళ ప్రాణాలకూ విలువ ఉందన్న నినాదం చొక్కాల మీద వేసుకోవడం తప్పని, ఆటలోకి రాజకీయాలు తేవద్దని ఆమె లీగు కమిషనర్‌కి ఉత్తరం రాశారు. ఆటగాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిలు. జీతం ఇచ్చే యజమాని ఆమె. మన ఆఫీసుల్లో మేనేజరు చిన్నమాటంటేనే వారంరోజులు నోరెత్తం కదా!

వాళ్ళు ఏం చేశారో చూడండి. యజమానిని తిడుతూ కూర్చోలేదు. అసలు ఆమె పేరే ఎత్తడం మానేశారు. ఆమె మీద పోటీ చేస్తున్న రాఫెల్ వార్నాక్‌తో వీడియోలో మాట్లాడారు. మార్టిన్ లూథర్ కింగ్ పనిచేసిన ఎబెనెజర్ చర్చికి పాస్టరాయన. ఏ విషయంలో ఆయన ఏమనుకుంటున్నాడో అడిగి, విని, అప్పుడు నిర్ణయించుకున్నారు. 2020 ఆగస్టు మొదటివారంలో, ఫ్లోరిడాలో కరోనా కట్టడిలో ఆడుతున్నప్పుడు, వార్నాక్‌కి ఓటెయ్యండి అని రాసిన నల్ల టీషర్టులు వేసుకుని కోర్టులోకి వచ్చారు. ఆలోచన సియాటిల్ ఆటగత్తె సూ బర్డ్‌ది. మిగతా జట్లూ కలిశాయి. అప్పటికి వార్నాక్ వెనకబడి ఉన్నాడు. 2021 జనవరి 5న మలివిడత పోటీలో లెఫ్లర్ మీద గెలిచాడు. మరుసటి నెలలో డ్రీమ్ జట్టు అమ్ముడుపోయింది. కొన్న ముగ్గురిలో ఒకరు రెనీ మాంట్‌గోమరీ. ఉద్యమంలో పనిచేయడానికి 2020 సీజన్ మానేసిన అదే జట్టు ఆటగత్తె! కబడ్డీ కోర్టులో కోచ్ అరుపులకే తలవంచి ఆడినదాన్ని, ఆ వార్త చదివి వంటింట్లో నిలబడి మా అమ్మాయిని పిలిచి మరీ చదివి వినిపించాను.

అటువైపు సంగతి వదిలెయ్యను. జార్జియా యూనివర్సిటీకి 1980లో జాతీయ టైటిల్ తెచ్చిన ఫుట్‌బాల్ వీరుడు హెర్షెల్ వాకర్. ఇక్కడ తెల్లవాళ్ళ ఇళ్ళలోనూ నల్లవాళ్ళ ఇళ్ళలోనూ ఒక తరం అంతా ఆరాధించిన మనిషి. 1980ల్లో ట్రంప్ కొన్న న్యూజెర్సీ జనరల్స్ జట్టులో ఆడాడు, ఆ స్నేహం నిలిచింది. 2022లో రిపబ్లికన్‌గా ఇదే వార్నాక్ మీద పోటీ చేసి మలివిడతలో ఓడిపోయాడు. నేనతనికి ఓటు వెయ్యలేదు. అయినా పోటీ చేసి, ప్రశ్నలకు ఎదురు నిలబడి, ఓడిపోయి ఒప్పుకున్నాడు. ఆటగాడికి రాజకీయమెందుకని అప్పుడు మా గ్రూపులో రిపబ్లికన్లెవరూ అనలేదు. డెమొక్రాట్లం మేమే అన్నాం.

చరిత్రలోకి వెళ్తే ఈ గీతలన్నీ చెరిగిపోతాయి. బేస్‌బాల్‌లో జాతి గోడ బద్దలుకొట్టిన జాకీ రాబిన్‌సన్ పుట్టింది ఈ రాష్ట్రంలోనే, కైరో అనే ఊళ్ళో. 1960లో ఆయన కెనడీని కాదని రిపబ్లికన్ నిక్సన్‌కి ప్రచారం చేశాడు. సొంత సమాజంలో ఎంతమందికి కోపం వచ్చిందో! 1964లో పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన గోల్డ్‌వాటర్‌ని రిపబ్లికన్లు అభ్యర్థిని చేసేసరికి ఆ పార్టీకి ఎదురు తిరిగాడు. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు బాక్సింగ్‌కి దూరమైన మహమ్మద్ అలీ మళ్ళీ బరిలోకి దిగింది 1970లో అట్లాంటాలోనే. 1996లో ఇక్కడి ఒలింపిక్ జ్యోతి వెలిగించిందీ ఆయనే. మధ్యలో 1984లో రీగన్‌కి మద్దతిచ్చాడు. ఈ మనుషులెవరూ ఒక పార్టీకి రాసిచ్చినవాళ్ళు కాదు. మాట్లాడకుండా ఉండటం కూడా వాళ్ళ హక్కే. 2024లో కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఎవరికీ మద్దతివ్వను, ఓటు మాత్రం వెయ్యండి అన్నాడు. అతన్ని కూడా రెండువైపులా లాగారు.

మన దేశంలో ఆటగాళ్ళు రాజకీయాలకు దూరమని మీ పాఠకుడు రాసింది మాత్రం నాకు ఆశ్చర్యం. అజారుద్దీన్ మొరాదాబాద్ ఎంపీగా చేయలేదా? మా గుంటూరు అంబటి రాయుడు 2023 డిసెంబరులో వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి రోజుల్లోనే బయటికి రాలేదా? కండువా కప్పుకుంటే రాజకీయం కాదు గానీ, 2023లో జంతర్ మంతర్ దగ్గర మల్లయోధులు కూర్చుంటే రాజకీయమా?

ఇక మా వదిన సంగతి. వరసకి వదిన అనుకుంటాం గానీ చుట్టరికం లేదు, నిజామాబాద్ వైపు మనిషి. త్రోబాల్‌లో నా పక్కన ఆడేది. ఇక్కడ చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది. 2024లో ట్రంప్‌కి ఓటు వేసింది. ఎందుకని అడిగాను, తను చెప్పింది, నేను పూర్తిగా విన్నాను. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడి ప్రతి కాగితం సక్రమంగా పెట్టుకున్నవాళ్ళను వదిలేసి, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళను ఎందుకు ఉండనిస్తున్నారని ఆమె మంట. బియ్యం, నూనె, గుడ్ల ధరలు పెరిగితే కొట్టుకొచ్చిన ప్రతి మనిషీ ఆమెనే అడిగేవారట. నా కారణం వేరు. జార్జియాలో 2022 నుంచి గర్భం దాదాపు ఆరువారాలు దాటితే గర్భస్రావాన్ని చట్టం ఆపేస్తుంది. మా అమ్మాయి ఈ రాష్ట్రంలోనే కాలేజీకి వెళ్తోంది. రేపు దానికేమన్నా కష్టమొస్తే డాక్టరు లాయరుని అడిగి వైద్యం చేసే పరిస్థితి నాకొద్దు. "అదేం మాట వదినా, పిల్ల కష్టం నాకు తెల్వదా? నాకూ బిడ్డే ఉంది" అంది. ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు. నేనూ ఆమె మాట ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పేది నువ్వు చెప్పు, నేను చెప్పేది నేను చెప్త. ఇనకుంటే ఎట్ల?" అంది.

జాకీ రాబిన్‌సన్ నిక్సన్ సంగతి ఆమెకు చెబితే ఎంత సంతోషపడిందో. 1964 సంగతి కూడా చెప్పాను. అదీ వింది.

అందుకే టోపీలూ డాన్సులూ చూసి నాకు దిగులేస్తుంది. 2024 నవంబరులో ట్రంప్ గెలిచాక బోసా మైదానంలో, ట్రంప్ తన సభల్లో వేసే డాన్స్ వేశాడు. అమెరికా సాకర్ ఆటగాడు క్రిస్టియన్ పులిసిక్ జమైకా మీద గోలు కొట్టి అదే వేసి, అది రాజకీయం కాదు సరదాకే అన్నాడు. సరదా అయితే సరే. కానీ డాన్సుకి జవాబుగా ఇంకో డాన్స్ వేయొచ్చు గానీ, ప్రశ్న అడగలేం. డ్రీమ్ అమ్మాయిలు ముందు ప్రశ్నలు అడిగారు, తర్వాతే టీషర్టు వేసుకున్నారు. నేను గౌరవించేది ఆ వరసని. రేపు రిపబ్లికన్ ఆటగాళ్ళు అదే వరసలో వచ్చి ఇందుకోసం ట్రంప్ అంటే వాళ్ళనీ అంతే శ్రద్ధగా వింటాను.

మీ పత్రికతో పాటు మన తెలుగు మీడియా అంతటికీ ఒక విన్నపం. 2024లో ఇక్కడ మా ఓట్లు దేని మీద పడుతున్నాయో రాయడం కన్నా "మన ఆడపడుచు" అని రాయడమే ఎక్కువ చేశారు. ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు, సంతోషమే. కమలా హారిస్ తల్లిది తమిళనాడు, అదీ సంతోషమే. వడ్లూరు పేరు వేసిన పత్రిక ముక్కను మా గ్రూపులో పెట్టి "తెలుగుదానివైతే ఇటే వెయ్యాలి" అన్నారు. మా వదినకే అది నచ్చలేదు. "నేను ఊరు చూసి వేసిన్నా?" అంది. గ్రీన్‌కార్డు వరసల గురించి ఏ అభ్యర్థి ఏమన్నాడు, హెచ్‌-1బి మీద ఎవరి మాట ఎటు మారింది, ఇక్కడ ఓటు నమోదు ఎలా చేసుకోవాలి, ఇవి వేస్తే మాకు పనికొస్తాయి. ఆటగాళ్ళ గురించి రాసేటప్పుడు కూడా ఎవరు ఏ టోపీ పెట్టారన్నది ఒక వాక్యం, ఎందుకు పెట్టారన్నది పది వాక్యాలు వేయండి.

ఈ ఉత్తరం మా వదినకి చదివి వినిపించాను. చాలా చోట్ల ఆమెకు నచ్చలేదు, ముఖ్యంగా కేపర్నిక్ దగ్గర. జాతీయగీతం విషయంలో తన మాట వేరని, తనూ మీకు రాస్తానని అంది. తను తెలంగాణ మాటలోనే రాస్తుంది. ఆ ఉత్తరం చేరితే భాష దిద్దకుండా, కోత వేయకుండా, నాది వేసిన చోటే వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కమ్మింగ్, జార్జియా